గుండె ఆపరేషన్ కన్నా ముందు సూదిమందు అడుగుదాం

హక్కుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన నోట వినిపించే మాటలు దాదాపు ఒకటే. రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, ఉపకార వేతనాలు, ఉర్దూ మాధ్యమం, చట్టసభల్లో ప్రాతినిధ్యం. ఇవన్నీ అవసరమైనవే. ఏ ఒక్కటీ పక్కన పెట్టదగింది కాదు. అయితే ఈ జాబితాలో మన పిల్లల గుండెకు మాత్రం చోటు దొరకలేదు. బడిలోనో మదర్సాలోనో చదువుకుంటున్న బిడ్డకు గొంతు నొప్పి వస్తుంది. ఎవరూ పట్టించుకోరు. రెండు మూడు వారాలకు జ్వరంతో కీళ్లు వాస్తాయి. ఎవరూ గుర్తించరు. పదేళ్లు గడిచాక గుండె కవాటాలు పాడైపోయాయని, ఆపరేషన్ తప్పదని పెద్దాసుపత్రిలో చెబుతారు. అప్పుడు మనం ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని పరుగెత్తుతాం, శాసనసభ్యుని సిఫారసు లేఖ కోసం తిరుగుతాం, జుమా నమాజు తర్వాత మసీదు గుమ్మం దగ్గర చందా పోగు చేస్తాం. ఇదంతా తఖ్దీర్ అని సరిపెట్టుకుంటాం.

ఈ జబ్బును తఖ్దీర్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. దీని పేరు రుమాటిక్ జ్వరం. అది మిగిల్చిపోయే గుండె దెబ్బను రుమాటిక్ గుండె జబ్బు అంటారు. పిల్లలకు, యువతకు వచ్చే గుండె జబ్బుల్లో ఇంత తేలికగా నివారించగలిగినది మరొకటి అరుదు. దీనికి మందు కనిపెట్టి 70 ఏళ్లు దాటింది. ఆ మందు ఖరీదు నేటికీ వంద రూపాయల లోపే. అయినా 2015 నాటి అంతర్జాతీయ అంచనా ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా 3,19,000 మంది ఈ జబ్బుతో చనిపోగా, వారిలో 1,19,000 మంది భారతీయులు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా మన దేశం వారే. ఏ దేశంలోనూ ఇన్ని మరణాలు లేవు.

ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఒక్కటే. పాడైన కవాటానికి ఆపరేషన్ అడగడం మనం నేర్చుకున్నాం. కవాటం పాడవకుండా కాపాడే సూదిమందును అడగడం ఇంకా నేర్చుకోలేదు. సమాజంలో అవగాహన పెంచడమంటే తల్లులకు నాలుగు జాగ్రత్తలు చెప్పి చేతులు దులుపుకోవడం కాదు. ఏది అడగాలో, ఎవరిని అడగాలో, ఎప్పుడు అడగాలో మొత్తం సమాజానికి తెలియజేయడం.

గొంతులో మొదలై గుండెకు చేరే తీరు

మొదట వ్యాధి నడకను తెలుసుకుందాం. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మక్రిమి గొంతులో చేరి నొప్పి, జ్వరం తెస్తుంది. చాలామంది పిల్లల్లో అది నాలుగైదు రోజుల్లో తనంతట తానే తగ్గిపోతుంది. కానీ కొద్దిమందిలో ఆ క్రిమిని ఎదుర్కోవడానికి శరీరం తయారు చేసుకున్న రక్షణ శక్తి దారి తప్పుతుంది. క్రిమి దేహంలోని కొన్ని పదార్థాలకు, మన గుండె, కీళ్లు, మెదడులోని కొన్ని పదార్థాలకు పోలిక ఉండటమే అందుకు కారణం. శత్రువనుకుని సొంత ఇంటినే కొట్టినట్టు, శరీరం తన గుండె మీద తానే దాడి చేస్తుంది. గొంతు నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు ఇది బయటపడుతుంది. 5 నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలే ఎక్కువగా దీని వాత పడతారు.

లక్షణాలు పోల్చుకోవడం అసాధ్యమేమీ కాదు. జ్వరంతో పాటు పెద్ద కీళ్లు, అంటే మోకాలు, చీలమండ, మోచేయి, మణికట్టు వాచి నొప్పి పెడతాయి. నొప్పి ఒక చోట నిలవదు. ఇవాళ మోకాలిలో ఉంటే రేపు అది తగ్గి చీలమండలోకి దిగుతుంది. బిడ్డకు ఆయాసం, గుండె దడ రావచ్చు. కొందరు పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, చేతులూ కాళ్లూ ముఖమూ అదుపు లేకుండా కదులుతాయి. కీళ్ల వాపు కొద్ది వారాల్లో ఏ మచ్చా మిగల్చకుండా పోతుంది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. గుండె కవాటాలకు తగిలిన దెబ్బ మాత్రం లోపలే ఉండిపోతుంది. మళ్లీ గొంతు నొప్పి వస్తే జ్వరం మళ్లీ తిరగబెడుతుంది. తిరగబెట్టిన ప్రతిసారీ కవాటం మరికొంత బిరుసెక్కి, ముడుచుకుపోతుంది.

ఈ నడకలో అడ్డుకట్ట వేయదగ్గ చోట్లు రెండున్నాయి. మొదటిది గొంతు దగ్గర. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు పెన్సిలిన్ అందితే రుమాటిక్ జ్వరం రాకుండా ఆపవచ్చు. వైద్యుడు ఒక్క బెంజథీన్ పెన్సిలిన్ సూది వేయవచ్చు, లేదా పది రోజుల మాత్రలు రాయవచ్చు. రెండవది, ఒకసారి జ్వరం వచ్చిన బిడ్డకు అది తిరగబెట్టకుండా మూడు వారాలకొకసారి అదే సూదిని ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా వేయించడం. ఇంకో శుభవార్త కూడా ఉంది. ఎన్నో మందులకు లొంగని క్రిములు పుట్టుకొస్తున్న ఈ కాలంలో కూడా ఈ క్రిమి పెన్సిలిన్‌కు లొంగకపోవడమన్నది ఇంతవరకు కనిపించలేదు.

ఇంట్లోనూ వీధిలోనూ జరుగుతున్నదేమిటి

మందు ఉంది, తీరు తెలుసు. మరి బిడ్డ ఎందుకు జారిపోతోంది? మన ఇళ్లలో గొంతు నొప్పి జబ్బు కింద లెక్కకు రాదు. చల్లని నీళ్లు తాగావనో, ఐస్ తిన్నావనో బిడ్డను మందలించి, ఉప్పునీళ్లు పుక్కిలించమని, పసుపు పాలు తాగమని చెబుతాం. అందులో తప్పు లేదు. గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. వాటికి యాంటీబయాటిక్ అవసరం లేదు. ముక్కు కారుతూ, దగ్గుతో, గొంతు బొంగురుపోయి వచ్చే నొప్పి సాధారణంగా ఆ కోవలోనిదే. కానీ దగ్గు లేకుండా, హఠాత్తుగా జ్వరంతో మొదలై, మింగడానికి కష్టమై, మెడ కింద బిళ్లలు కట్టి, టాన్సిళ్లు ఎర్రగా వాచి తెల్లని పొర కనిపిస్తే, అది డాక్టరు చూడవలసిన గొంతు. తల్లికి తెలియవలసింది ఈ తేడాయే.

డాక్టరు అంటే మన బస్తీల్లో చాలాసార్లు ఆర్ఎంపీయే. రాత్రి పదింటికి తలుపు తట్టినా పలికేది ఆయనే కాబట్టి ఆయన్ను నిందించడం సులువు, న్యాయం కాదు. అయినా ఒక మాట చెప్పక తప్పదు. కీళ్ల నొప్పితో వచ్చిన బిడ్డకు నొప్పి సూది వేసి పంపితే, వాపు ఒక్క రోజులో మాయమవుతుంది. దానితో పాటు రోగాన్ని గుర్తించే ఆధారమూ మాయమవుతుంది. నొప్పి కీలు నుంచి కీలుకు మారుతుందా లేదా అన్నది ఇక ఎవరూ చూడలేరు. అలాగే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న రెండు రోజుల మాత్రలు నొప్పిని తగ్గిస్తాయి గానీ క్రిమిని పూర్తిగా తుడిచిపెట్టవు. పది రోజుల మందు పది రోజులూ వాడాలి. బిడ్డ మూడో రోజున ఆటలకు వెళ్లిందని నాలుగో రోజు మానేయరాదు.

కీళ్ల నొప్పిని ఎదిగే వయసు నొప్పులని కొట్టిపారేయడం మరొక అలవాటు. ఎదిగే పిల్లలకు రాత్రిపూట పిక్కలు లాగడం మామూలే. కానీ అందులో జ్వరం ఉండదు, కీలు వాయదు, ముట్టుకుంటే వేడిగా ఉండదు. ఈ మూడింటిలో ఏది కనిపించినా అది ఎదిగే నొప్పి కాదు.

అన్నిటికన్నా అన్యాయానికి గురయ్యేది చేతులు అదుపు తప్పే పిల్ల. చేతిలోని గ్లాసు జారిపోతుంది. దస్తూరీ వంకరపోతుంది. ముఖం చిట్లించినట్టు కదులుతుంది. ఊరకే ఏడుస్తుంది. బడిలో అల్లరి అని దెబ్బలు, ఇంట్లో పొగరని తిట్లు. చివరికి నజర్ తగిలిందనో, అసర్ అయిందనో తావీజు కడతారు. కొన్ని వారాలకో నెలలకో ఆ కదలికలు వాటంతటవే తగ్గిపోతాయి గనుక తావీజు ఫలించిందని నమ్ముతారు. నిజానికి అది రుమాటిక్ జ్వరం మెదడును తాకిన గుర్తు. ఆ పిల్ల గుండెకు కూడా పరీక్ష చేయించాలి, సూది మొదలుపెట్టాలి. దువా చేయించుకునేవారు చేయించుకోవచ్చు. దానితో పాటు ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండని చెప్పే మౌల్వీ సాహెబ్ ఒక బిడ్డ గుండెను కాపాడినవాడవుతాడు.

ఈ క్రిమికి మతం లేదు, గది కొలత ఉంది

ఈ జబ్బు ముస్లింలది కాదు. దళిత వాడలోనూ, గిరిజన తండాలోనూ, వలస కూలీల గుడిసెల్లోనూ ఇదే జబ్బు ఉంది. క్రిమి పేరు అడగదు, మతం అడగదు. ఒక గదిలో ఎంతమంది పడుకుంటున్నారు, గాలి ఆడుతున్నదా లేదా, డాక్టరు ఎంత దూరంలో ఉన్నాడు అన్నవే చూస్తుంది. దగ్గు, తుమ్ము, దగ్గరి ఊపిరి ద్వారా ఒకరి గొంతు నుంచి మరొకరి గొంతుకు పాకే క్రిమి ఇది. ఇరుకు దానికి ఇష్టమైన ఇల్లు.

ఇక్కడే ఇది మన హక్కుల ప్రశ్న అవుతుంది. ముస్లింలు మిగతా జనాభా కన్నా ఎక్కువగా పట్టణాల్లో నివసిస్తున్నారని సచార్ కమిటీ 2006లో చెప్పింది. పట్టణంలో నివసించడమంటే విశాలమైన వీధిలో నివసించడం కాదు. పేరు విని అద్దెకు ఇల్లివ్వని చోట్ల తిరిగి తిరిగి, చివరికి మనవాళ్లున్న మొహల్లాలోనే ఒక్క గదిలో సర్దుకోవడం. ఆ గదే వంటిల్లు, అదే పడక, అదే పని చోటు. హైదరాబాదు పాతబస్తీలో లక్క గాజులకు రాళ్లు అద్దే ఇంట్లోనైనా, నిజామాబాదులో బీడీలు చుట్టే ఇంట్లోనైనా పిల్లలు ఆ పని మధ్యే పడుకుని ఆ మధ్యే లేస్తారు. గొంతు నొప్పి ఒక బిడ్డతో ఆగుతుందని అక్కడ ఎవరు హామీ ఇవ్వగలరు?

ఇది పేద దేశాల సమస్యే అనుకునేవారు న్యూజిలాండ్ వైపు చూడాలి. అది సంపన్న దేశం. అక్కడి యూరోపియన్ సంతతి పిల్లల్లో రుమాటిక్ జ్వరం దాదాపు కనుమరుగైంది. అదే దేశంలో మావోరీ, పసిఫిక్ ద్వీపవాసుల పిల్లలను మాత్రం ఇది వదలలేదు. ఒకే ఆకాశం కింద, ఒకే ప్రభుత్వం కింద ఒక జబ్బు కొందరిని వదిలి మరికొందరినే పట్టుకుంటున్నదంటే, లోపం ఆ పిల్లల రక్తంలో కాదు, వారికి దక్కిన ఇళ్లలో, వారికి అందని వైద్యంలో ఉన్నట్టు. 2011లో ఆ దేశ ప్రభుత్వం ప్రత్యేక నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. బడుల్లోనే గొంతు పరీక్షలు చేయించింది, ఆ సమాజాల ద్వారానే ప్రచారం చేయించింది, ఇరుకిళ్లలో ఉన్న కుటుంబాలకు మెరుగైన వసతి చూపే పథకాన్ని కూడా దానికి జోడించింది. ఈ జబ్బును మైనారిటీ హక్కుల కోణంలో చూడటం మన కల్పన కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మూడు వారాలకొక సూది: చెప్పడం తేలిక, నడపడం కష్టం

గొంతు దగ్గర జాగ్రత్తపడితే చాలదు. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లల్లో చాలామందికి ముందు గొంతు నొప్పి వచ్చినట్టే గుర్తుండదు. అందుకే రెండవ అడ్డుకట్ట, అంటే మూడు వారాల సూది, ప్రాణాధారం. దాని బరువెంతో ఒకసారి లెక్క వేద్దాం. మూడు వారాలకొకటి చొప్పున ఏడాదికి 17 లేదా 18 సూదులు. గుండెకు దెబ్బ తగలని బిడ్డకే కనీసం ఐదేళ్లు, ఇరవయ్యో పడి వచ్చేదాకా కొనసాగించమంటారు. కవాటం దెబ్బతిన్నవారికి పదేళ్లకు పైగా, కొందరికి నలభయ్యో ఏడు వరకు కూడా. పదేళ్లంటే 170కి పైగా సూదులు. మందు చిక్కగా ఉంటుంది, సూది లావుగా ఉంటుంది, నొప్పి రెండు రోజులుంటుంది. ప్రతిసారీ తల్లి ఒక రోజు కూలి వదులుకోవాలి, బిడ్డ ఒక రోజు బడి మానాలి. పెద్దాసుపత్రి దాకా ఆటోకు డబ్బివ్వాలి. సూది ఖరీదు వంద లోపే అయినా దాని వెనుక ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. సూది మానేసిన కుటుంబాన్ని నిర్లక్ష్యం అని నిందించేముందు ఈ లెక్క చూడాలి.

పైగా, చేరువలోని చిన్న ఆసుపత్రులు ఈ సూదిని వేయడానికి వెనుకాడతాయి. పెన్సిలిన్ వికటిస్తుందన్న భయం. భయం పూర్తిగా నిరాధారం కాదు, కానీ దాని పరిమాణం తెలియాలి. 1991లో ప్రచురితమైన ఒక అధ్యయనం పదకొండు దేశాల్లో 1,790 మంది రోగులకు వేసిన 32,430 సూదులను లెక్కించింది. ప్రాణాపాయకరంగా వికటించినది నాలుగుసార్లు. ఒకరు చనిపోయారు. అరుదైనదే అయినా ప్రమాదం ప్రమాదమే. అందుకే ముందుగా అలర్జీ సంగతి విచారించే, అత్యవసర మందులు దగ్గరున్న, శిక్షణ పొందిన నర్సు ఉన్న చోటనే వేయించాలి. కవాటాలు బాగా దెబ్బతిని, తీవ్రంగా ఆయాసపడుతున్నవారికి సూది వేయాలా, మాత్రలివ్వాలా అన్నది గుండె వైద్యుడే నిర్ణయించాలి. ఇంత జాగ్రత్త తీసుకుంటే భయపడి మానేయవలసిన పని లేదు. మానేస్తే ఎదురయ్యే ప్రమాదం దీనికన్నా చాలా పెద్దది.

మందు అతి చవక కావడం కూడా దానికి శాపమైంది. లాభం లేదని తయారీదారులు వెనక్కి తగ్గడంతో మన దేశంలోనూ బయటా ఈ సూదికి పలుమార్లు కొరత ఏర్పడింది. ఒక తల్లి పదేళ్లు క్రమం తప్పకుండా వచ్చి, పదకొండో ఏట మందు లేదని వెనుదిరిగితే ఆ తప్పు ఎవరిది?

రంజాన్ మాసంలో సూది వాయిదా పడటం మనలో తరచు జరిగేది. మూడు వారాల సూది నెల రోజులు ఆగితే రక్షణ తెగిపోయినట్టే. ఈ విషయంలో సందేహానికి తావు లేదు. జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997లోనే, పోషణ కోసం ఎక్కించే ద్రవాలు మినహా, కండరానికి వేసే చికిత్స సూదులు రోజాను భంగపరచవని తీర్మానించింది. అయినా మనసు ఒప్పుకోనివారు ఇఫ్తార్ తర్వాత వేయించుకునే వీలు చూసుకోవచ్చు. సూది మాత్రం తప్పకూడదు.

నికాహ్ ముందు దాచే నిజం

ఈ జబ్బు గురించి మాట్లాడుతూ ఆడపిల్ల ప్రస్తావన తేకపోతే సగమే చెప్పినట్టు. రుమాటిక్ గుండె జబ్బు ఆడవారిలోనే ఎక్కువ. అయినా సూది ముందుగా ఆగిపోయేది కూడా ఆడపిల్లకే. సంబంధాలు చూడటం మొదలవగానే ఆసుపత్రి పుస్తకం బీరువా అడుగుకు చేరుతుంది. మూడు వారాలకొకసారి బయటికి వెళితే నలుగురు అడుగుతారు. అత్తవారికి తెలిస్తే సంబంధం తప్పిపోతుంది. తల్లిదండ్రులు చెడ్డవారై ఇలా చేయరు. బిడ్డ బతుకు నిలబెట్టాలనే చేస్తారు. కానీ దాచిన జబ్బు దాగి ఉండదు.

గర్భం దాల్చిన స్త్రీ శరీరంలో రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది. బిరుసెక్కి ఇరుకైపోయిన కవాటం గుండా ఆ రక్తమంతా వెళ్లలేదు. అంతవరకు మామూలుగా తిరిగిన అమ్మాయి అయిదో నెలలోనో ఆరో నెలలోనో మెట్లెక్కలేకపోతుంది, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటుంది. గర్భిణికి నీరసం సహజమే అంటారు. జబ్బు సంగతి తెలిసిన వైద్యురాలికి ఆ మాట చెప్పే ధైర్యం ఆ అమ్మాయికి ఉండదు, అత్తగారు పక్కనే ఉంటుంది. కొందరి విషయంలో గుండె జబ్బు ఉన్నదని మొదటిసారి తెలిసేది కాన్పు గదిలోనే. ముందే తెలిస్తే దారులున్నాయి. ఇరుకైన కవాటాన్ని చాలామందికి ఛాతీ కోయకుండా బెలూనుతో వెడల్పు చేయవచ్చు. లోహపు కవాటం అమర్చాక మాత్రం రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడాలి. ఆ మందుతో గర్భం దాల్చడం తల్లికీ బిడ్డకూ కత్తిమీద సామే. కాబట్టి పెళ్లికి ముందు ఎకో పరీక్ష చేయించి, వైద్యుని సలహాతో ఇరువైపులా నిజం చెప్పుకుని చేసే నికాహ్‌లోనే ఆ పిల్లకు భద్రత ఉంది. జహేజ్ గురించి ఇరు కుటుంబాల పెద్దలు గంటల తరబడి మాట్లాడగలిగినప్పుడు, గుండె గురించి పది నిమిషాలు మాట్లాడలేకపోవడం సిగ్గుపడవలసిన సంగతి.

అవగాహనతో ఒరిగేదేమైనా ఉందా?

ఇంతా చేసి ప్రచారంతో జబ్బులు పోతాయా అని అడిగేవారుంటారు. పోయిన చోట్లు ఉన్నాయి. క్యూబాలోని పినార్ దెల్ రియో ప్రాంతంలో 1986 నుంచి పదేళ్లపాటు బడులు, కుటుంబాలు, ఆరోగ్య కార్యకర్తలు కలిసి ఒక కార్యక్రమం నడిపారు. గొంతు నొప్పి గురించి చెప్పారు, రోగుల జాబితా ఉంచారు, సూదులు తప్పకుండా చూశారు. 5 నుంచి 25 ఏళ్ల వయసు వారిలో ఏడాదికి లక్షమందికి 18.6గా ఉన్న రుమాటిక్ జ్వరం కేసులు 1996 నాటికి 2.5కు తగ్గాయి. కరీబియన్ దీవులైన మార్టినిక్, గ్వాడెలోప్‌లలో జరిగిన పదేళ్ల ప్రచార కార్యక్రమంతో కేసులు నాలుగింట మూడు వంతుల మేర తగ్గాయి. మన దేశంలోనూ హర్యానాలోని రాయ్‌పూర్ రాణి ప్రాంతంలో ఉపాధ్యాయులకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి రోగులను గుర్తించి, వారి జాబితా పెట్టి సూదులు వేసే పని 1988లోనే మొదలైంది.

ముందే గుర్తిస్తే ఫలితమెంతో ఉగాండా చూపింది. పైకి ఏ లక్షణమూ లేకుండా ఎకో పరీక్షలో మాత్రమే తొలి దశ జబ్బు కనిపించిన 800 మందికి పైగా పిల్లలను అక్కడ రెండేళ్లు పరిశీలించారు. సూదులు వేసిన పిల్లల్లో జబ్బు ముదిరినది నూటికి ఒక్కరి కన్నా తక్కువ, 0.8 శాతం. వేయనివారిలో 8.2 శాతం. 2021లో ప్రచురితమైన ఈ ఫలితం తర్వాత, ముందుగా వెతకడం ఎందుకు అనే ప్రశ్నకు విలువ లేదు.

ఈ అనుభవాలన్నిటిలో గమనించవలసింది ఒకటుంది. ఎక్కడా ఒట్టి ప్రచారం పని చేయలేదు. మాట వెనుక మందు ఉంది, మందు వెనుక రోగుల జాబితా ఉంది, జాబితా వెనుక బాధ్యత వహించే మనిషి ఉన్నాడు. గొంతు నొప్పి వస్తే ఆసుపత్రికి వెళ్లమని మసీదు మైకులో చెప్పి, ఆ ఆసుపత్రిలో సూది లేకపోతే మనం చెప్పిన మాటను రెండోసారి ఎవరూ వినరు.

ఏమి చేద్దాం, ఏమి అడుగుదాం

మన చేతిలో ఉన్నవి మనం చేయాలి. ప్రతి మొహల్లాలో ఈ జబ్బున్న పిల్లల సంగతి తెలిసిన ఒక ఆపా, ఒక యువకుడు బాధ్యత తీసుకుంటే సూది తేదీ గుర్తు చేయడానికి పెద్ద సంస్థ అక్కర్లేదు. ఆశా కార్యకర్తతో కలిసి, కుటుంబం అనుమతితో, గోప్యత పాటిస్తూ ఆ పని చేయవచ్చు. మదర్సాల్లో, గురుకుల వసతి గృహాల్లో పడకల మధ్య ఎడం పెంచడం, కిటికీలు తెరిచి ఉంచడం, గొంతు నొప్పి వచ్చిన బిడ్డను అదే రోజు చూపించడం నిర్వాహకుల బాధ్యతగా రాసుకోవాలి. ఖుత్బాలో ఏడాదికి రెండుసార్లయినా, వర్షాలు మొదలైనప్పుడు ఒకసారి, చలికాలంలో ఒకసారి, ఈ మాట వినిపించాలి. మహిళల ఇజ్తెమాలలో తప్పక వినిపించాలి, ఎందుకంటే బిడ్డ నుదురు మొదట తాకి చూసేది తల్లే. ఉర్దూ మాట్లాడే ఇంటికి ఉర్దూలో, దూదేకుల వంటి తెలుగు ఇళ్లకు తెలుగులో చెప్పాలి.

ఒక రోజు గుండె శిబిరం పెట్టి ఫొటోలు దిగి వెళ్లడం మాత్రం ఈ జబ్బుకు పనికిరాదు. శిబిరం ముగిసిన 21వ రోజున సూది ఎవరు వేస్తారన్న ప్రశ్నకు జవాబు ఉంటేనే శిబిరం పెట్టాలి. ఆ జవాబు ప్రభుత్వం దగ్గరే ఉంది. కాబట్టి అడగవలసినవి సూటిగా అడగాలి.

మొదటిది, బెంజథీన్ పెన్సిలిన్ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ప్రతి బస్తీ దవాఖానాలో, పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఏడాది పొడుగునా ఉండాలి. దాన్ని వేయడానికి శిక్షణ పొందిన సిబ్బంది, అత్యవసర మందులు ఉండాలి. రెండవది, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తాను పరీక్షించవలసిన జబ్బుల జాబితాలో రుమాటిక్ గుండె జబ్బును చేర్చింది. కానీ దాని మార్గదర్శకాలు చెప్పేది అంగన్‌వాడీలు, ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే బడుల గురించే. సహాయం పొందని మదర్సా ఆ మాటల పరిధిలోకి రాదు. పాతబస్తీలో, కర్నూలులో, గుంటూరులో ఇరుకు సందుల్లో నడిచే చిన్న ప్రైవేటు బడి కూడా రాదు. బడికి వెళ్లే ముస్లిం పిల్లల్లో మదర్సాల్లో ఉన్నవారు 4 శాతమేనని సచార్ కమిటీ చెప్పింది గనుక, మదర్సాలను చేర్చమని మాత్రమే అడిగి ఆగిపోతే ఎక్కువమంది పిల్లలు బయటే ఉండిపోతారు. బిడ్డ ఏ బడిలో ఉందన్నదానితో నిమిత్తం లేకుండా పరీక్ష జరగాలన్నది మన కోరిక కావాలి. మూడవది, జిల్లాకొక రోగుల నమోదు పట్టిక ఉండాలి, సూది తప్పినవారిని వెతికే బాధ్యత ఒక అధికారికి అప్పగించాలి. 2018 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బు నివారణకు సభ్య దేశాలన్నీ పూనుకోవాలని తీర్మానించింది. భారతదేశం ఆ సభలో సభ్య దేశమే. అందువల్ల మనం అడిగేది దయ కాదు, దేశం భాగం పంచుకున్న మాటే.

ఈ అడిగే పనిలో మనం ఒంటరిగా ఉండనక్కర్లేదు. ఇదే సూది కోసం దళిత, గిరిజన సంఘాలు కూడా అడగవలసి ఉంది. వారితో కలిసి కలెక్టరు కార్యాలయానికి వెళ్లే వినతిపత్రం బలం వేరు. ఇన్ని పెద్ద సమస్యలుండగా గొంతు నొప్పి గురించి ధర్నాలా అని నవ్వేవారికి ఒక్కటే సమాధానం. రిజర్వేషన్ సీటు దక్కించుకున్న అమ్మాయి కాలేజీ మెట్లెక్కలేక కూలబడిపోతే ఆ సీటు ఎవరికి?

ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడి గుండెకూ ఆపరేషన్ జరుగుతోంది. అది మంచిదే, ఉండవలసిందే. కానీ ఒక కవాటం మార్చడానికి ప్రభుత్వం లక్షల రూపాయలు చెల్లిస్తోందంటే, ఆ బిడ్డ విషయంలో అంతకుముందు పదేళ్లపాటు ఎవరో ఒకరు వంద రూపాయల పని చేయలేదని అర్థం. వచ్చే నెలలో మీ బస్తీ దవాఖానాకు వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి. బెంజథీన్ పెన్సిలిన్ ఇవాళ ఉందా? వేసేవారు ఉన్నారా? లేదన్న జవాబు వస్తే దాన్ని తేదీతో సహా కాగితం మీద రాసి, పదిమంది సంతకాలు పెట్టి జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి ఇవ్వండి. ఉందన్న జవాబు వస్తే, మీ వీధిలో ఆ సూది అవసరమైన బిడ్డ ఎవరో తెలుసుకుని వారింటి తలుపు తట్టండి.